పిండి అంగడికి లెక్కల తక్కెడ: ప్రాజెక్టు డైరీ

ఎందుకు చేశానో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మా అక్క తిరుపతి బైరాగిపట్టెడలో ఇంటి ముందు గదిలోనే ఇడ్లీ, దోశ పిండి అమ్మే అంగడి పెట్టింది. నెల తిరిగేసరికి ఒకటే పాట. "సొంత దుడ్లు నలభై వేలు, అప్పు తెచ్చింది ఇరవై అయిదు వేలు. గల్లాలో చూస్తే ముప్పై వేలు కూడా లేవు. యాడ పోయినాయిరా అన్నీ?" నేను ఒక ఆడిటర్ దగ్గర లెక్కలు రాసే పనిలో ఉన్నాను. ఆ ప్రశ్నకు కాగితం మీద జవాబు రాయడం పది నిమిషాల పని. రాసిచ్చాను కూడా. అక్క దాన్ని చూసి, మడిచి, ఉప్పు డబ్బా కింద పెట్టింది.

దాంతో తక్కెడ చేద్దామనుకున్నాను. ఎడమ పళ్లెంలో ఆస్తులు, కుడి పళ్లెంలో అప్పులూ మూలధనమూ (అంగడిలో యజమాని సొంతం). ఇంటర్ కామర్స్ మొదటి పాఠాల్లో చెప్పే సమీకరణం ఇదే: ఆస్తులు = అప్పులు + మూలధనం. ఏ లావాదేవీ జరిగినా రెండు పక్కలూ సమానంగానే ఉండాలి. దాన్ని బరువులతో చూపించాలని నా ఆలోచన. నాలుగు ఆదివారాలు పట్టింది. అందులో ఒకటిన్నర ఆదివారం చెడగొట్టిన కొయ్యకే పోయింది. మీరు చేస్తే ఒక్క రోజులో అయిపోవాలని ఇదంతా రాస్తున్నాను.

దశ 1: బరువులు

మొదట రూపాయి బిళ్లలు వాడదామనుకున్నాను. తిరుపతిలో చిల్లరకేం కరువు. వంటింటి డిజిటల్ కాటా మీద పదేసి బిళ్లలు పెట్టి తూచాను. ఆ కాటా ఒక గ్రాము తేడా వరకే చూపిస్తుంది.

1. కొత్త చిన్న బిళ్లలు పది: 31 గ్రాములు.
2. వాటికి ముందొచ్చినవి పది: 38 గ్రాములు.
3. బాగా పాతవి, వెడల్పాటివి పది: 48 గ్రాములు.

అన్నీ రూపాయే, బరువులు మాత్రం మూడు రకాలు. ఒకే రకానివి మూడు వందలు ఏరే ఓపిక లేక ఆ ఆలోచన వదిలేశాను.

గాంధీ రోడ్డు దగ్గర ఒక హార్డ్‌వేర్ అంగడిలో 10 మి.మీ. బోల్టుకు వేసే వాషర్లు కిలో లెక్కన ఇస్తారు. 1.4 కిలోలు తెచ్చి లెక్కపెడితే 352 వచ్చాయి. ఒక్కోటి సుమారు 4 గ్రాములు. ఇరవై ఇరవై చొప్పున తూచితే 77 గ్రాముల నుంచి 84 గ్రాముల దాకా తేలాయి. అంచులు గరుకుగా ఉన్న 11 వాషర్లు తీసేసి, మిగతావన్నీ ఒక బకెట్‌లో వేసి బాగా కలిపాను. ఆ తర్వాత 150, 150 ఎంచి తూచితే తేడా 2 గ్రాములు, అంటే సగం వాషర్. నాకు చాలు.

ఒక వాషర్ విలువ మొదట వంద రూపాయలు అనుకున్నాను. అక్క లెక్కలో మొత్తం ఒక దశలో 78,000 దాకా పోతుంది. వంద చొప్పున అయితే ఒక్కో పక్క 780 వాషర్లు, మూడు కిలోల పైమాటే. సన్న కొయ్య అంత మోస్తుందో లేదోనని భయం. కాబట్టి ఒక వాషర్ = 500 రూపాయలు. రూ.320 కరెంటు బిల్లు లాంటివి దీంట్లో పట్టవు. అక్క చిన్న ఖర్చులను కలిపి 500కు సర్దాను. ఇది ఈ పద్ధతిలో లోపమే, దాచడం లేదు.

ఖర్చు: వాషర్లు 210. ఇప్పటిదాకా మొత్తం: రూ.210.

దశ 2: మేకుల తక్కెడ (పనికిరాలేదు)

రేణిగుంట రోడ్డులో ఒక టింబర్ డిపో నుంచి టేకు బద్ద తెచ్చాను. పొడవు 60 సెం.మీ., వెడల్పు 3, మందం 1.5. సరిగ్గా మధ్యలో రంధ్రం చేసి మేకు మీద నిలబెట్టాను. రెండు పక్కలా బద్ద మీదే స్క్రూలు బిగించి, వాషర్లు వాటికి తొడిగేలా చేశాను. ఎడమ పక్క మధ్య నుంచి 12 సెం.మీ. దూరంలో ఉన్నది "గల్లా", 24 సెం.మీ. దూరంలో ఉన్నది "సామాన్లు". కుడి పక్క 12 సెం.మీ. దగ్గర "అక్క సొంతం". పటం వేసుకున్నప్పుడు భలే ముచ్చటగా అనిపించింది.

మొదటి లావాదేవీ బాగానే నడిచింది. అక్క 40,000 పెట్టింది, గల్లాకు 80 వాషర్లు, సొంతానికి 80. బద్ద మట్టంగా నిలిచింది.

రెండోది గ్రైండర్ కొనడం. రూ.18,000 నగదు. గల్లా స్క్రూ నుంచి 36 వాషర్లు తీసి సామాన్ల స్క్రూకు తొడిగాను. ఎడమ కొస దబ్బున బల్లకు కొట్టుకుని, పదిహేను వాషర్లు మంచం కిందికి దొర్లాయి.

తప్పు నాదే. బద్ద మీద బరువు ఎంత ఉందన్నదే కాదు, మధ్య నుంచి ఎంత దూరంలో ఉందన్నదీ లెక్కలోకి వస్తుంది. కుడి పక్క 80 × 12 = 960. ఎడమ పక్క 44 × 12 + 36 × 24 = 1,392. పడక ఏమవుతుంది?

ఇది కొయ్యపని తప్పు మాత్రమే కాదు, లెక్క కూడా తప్పు చూపించేది. గ్రైండర్ కొన్నందువల్ల అక్క పేదదీ కాలేదు, ధనవంతురాలూ కాలేదు. గల్లాలో ఉన్న పద్దెనిమిది వేలు వరండాలో నిలబడిన ఇనుప గ్రైండరుగా మారాయి, అంతే. ఎడమ పక్కనే ఒకటి తగ్గి ఇంకొకటి పెరిగింది. అలాంటప్పుడు ముల్లు కదలనే కూడదు. నా తక్కెడేమో పెద్ద లాభం వచ్చినట్టు ఒరిగింది.

ఖర్చు: టేకు బద్ద 180, స్క్రూలు 40. ఇప్పటిదాకా మొత్తం: రూ.430.

దశ 3: వేలాడే పళ్లేలు

కూరగాయల తక్కెడకు పళ్లెం ఎందుకు వేలాడుతుందో నలభై ఏళ్లొచ్చాక అర్థమైంది. పళ్లెం ఒకే కొక్కెం నుంచి వేలాడితే, అందులో వస్తువు ఏ మూల పెట్టినా బరువంతా ఆ కొక్కెం మీదే పడుతుంది. గల్లా కప్పులోంచి సామాన్ల కప్పులోకి మార్చినా బద్దకు తెలియదు. నాకు కావలసింది అదే.

పాత బద్ద నిండా రంధ్రాలు పడ్డాయి కాబట్టి కొత్తది కొన్నాను. మధ్య నుంచి 28 సెం.మీ. దూరంలో రెండు కొసలా పై అంచుకు కొక్కేలు బిగించి, 22 సెం.మీ. స్టీల్ పళ్లేలను నైలాన్ దారంతో వేలాడదీశాను. ఇరుసు రంధ్రం మామూలుగానే బద్ద నడిమధ్యలో.

ఖాళీగా ఉన్నప్పుడు ఏదో నిలబడింది. రెండు పక్కలా 80 వాషర్లు వేయగానే ఎడమకు పడిపోయింది. ఎత్తి మట్టం చేసి వదిలితే ఈసారి కుడికి పడింది. బరువులు సమానమే, అయినా నిలవదు. అరగంట సేపు వాషర్లు అటూ ఇటూ మార్చి, కాటా మీద మళ్లీ తూచి, బుర్ర వేడెక్కింది. అక్క పిండి రుబ్బుతూ ఓరగా చూసి, "నా లెక్క కంటే నీ తక్కెడేం నయం కాదు" అంది.

కారణం ఇది. కొక్కేలు ఇరుసు కంటే పైన ఉన్నాయి. బరువంతా ఇరుసుకు పైన ఉంటే, వేలి కొస మీద కర్ర నిలబెట్టినట్టే, ఏ కొంచెం ఒరిగినా ఇంకా ఒరుగుతుంది. కొక్కేలు ఇరుసు కంటే కిందికి రావాలి.

ఖర్చు: రెండో బద్ద 180, పళ్లేలు 130, కొక్కేలూ దారమూ 60. ఇప్పటిదాకా మొత్తం: రూ.800.

దశ 4: ఇరుసు, చేతుల పొడవు

కొక్కేలను కింది అంచుకు మార్చి, ఇరుసు రంధ్రం పై అంచు దగ్గర వేశాను. రెండింటి మధ్య ఎత్తు 20 మి.మీ. ఇప్పుడు పడిపోవడం లేదు గానీ మరీ మొద్దుగా తయారైంది. 140కి 140 వేసి, ఒక పక్క ఒక వాషర్ ఎక్కువ వేస్తే కదలలేదు. మూడో వాషర్ వేశాక గానీ బద్ద కొస సెంటీమీటరు దిగలేదు. మూడు వాషర్లంటే పదిహేను వందలు. అంత తేడాను మింగేసే తక్కెడ నాకెందుకు?

రెండు మార్పులు చేశాను.

1. కొక్కేలను ఇరుసుకు 5 మి.మీ. కింద ఉండేలా పైకి జరిపాను.
2. మేకు తీసేశాను. హ్యాక్సా బ్లేడు ముక్కను ఆకురాయితో కత్తి అంచులా అరగదీసి బద్దలో దిగగొట్టాను. స్టాండు మీద రెండు చిన్న వి ఆకారపు గాడులు కోసి, ఆ అంచును వాటిలో ఆనించాను. రాపిడి దాదాపు పోయింది.

ఇప్పుడు ఒక్క వాషర్ తేడాకు బద్ద కొస నాలుగు సెంటీమీటర్లు దిగుతోంది. మొదటి బ్లేడు దిగగొట్టేటప్పుడు విరిగింది, అందుకే రెండు కొనాల్సి వచ్చింది. కళ్లకు అద్దాలు పెట్టుకుని కొట్టండి.

మరో చిక్కు 150 దాటాక బయటపడింది. సమానంగా వేసినా కుడి పక్క కొద్దిగా దిగుతోంది. స్టీల్ స్కేలు పెట్టి కొలిస్తే బద్ద ఎడమ చెయ్యి (ఇరుసు నుంచి కొక్కెం దాకా) 28.0 సెం.మీ., కుడి చెయ్యి 28.3. మూడు మిల్లీమీటర్లు, అంటే నూటికి ఒకటి. పది వాషర్లకు ఎవరికీ కనపడదు, 150కి ఒకటిన్నర వాషర్. ఎనిమిది వందల దాకా దొంగలెక్క. పళ్లేలు తారుమారు చేసి తూచమనేది ఇందుకే. మీరూ అలాగే చేయండి. రెండు పక్కల వాషర్లను అటుదిటు మార్చి వేయండి. ముల్లు అప్పుడూ అదే పక్కకు పోతే చేతుల పొడవులోనే తేడా ఉన్నట్టు. నేను కుడి కొక్కేన్ని జరిపి సరిచేశాను.

ఇంకో మాట, ఫ్యాన్ ఆపాలి. మే నెలలో తిరుపతిలో ఫ్యాన్ ఆపి కూర్చోవడమంటే ఏమిటో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. అయినా తప్పదు, గాలికి పళ్లేలు ఊగితే ముల్లు నిలవదు.

ఖర్చు: బ్లేడ్లు 40, ఎం-సీల్ 30. ఇప్పటిదాకా మొత్తం: రూ.870.

దశ 5: కప్పులు

పళ్లెంలో అన్నీ కలిపి పోస్తే ఏది గల్లా, ఏది సరుకు తెలియదు. అందుకని ఏడు ప్లాస్టిక్ కప్పులు, వాటికి స్టిక్కర్లు.

ఎడమ: గల్లా, సామాన్లు, సరుకు, రావాల్సినవి.
కుడి: వడ్డీ అప్పు, మండీ బాకీ, అక్క సొంతం.

ఎడమ నాలుగు, కుడి మూడు కాబట్టి ఎడమ పక్క ఒక కప్పు బరువెక్కింది. కుడి పళ్లెం అడుగున ఎం-సీల్ ముద్ద అంటించి మట్టం చేశాను. ఆట మొదలుపెట్టేముందు ప్రతిసారీ ఖాళీ తక్కెడ మట్టంగా ఉందో లేదో చూసుకోండి.

డెబిట్, క్రెడిట్ అనే మాటలు కావాలనే పెట్టలేదు. ఒకసారి ప్రయత్నించి చేతులు కాల్చుకున్నాను. అక్క వెంటనే బ్యాంకు మెసేజ్ చూపించి, "దుడ్లు వస్తే క్రెడిట్ అంటారు వీళ్లు. నువ్వేమో గల్లాలోకి వస్తే డెబిట్ అంటావు. ఎవరు అబద్ధం?" అంది. ఎవరూ కాదు. బ్యాంకు తన పుస్తకం నుంచి మాట్లాడుతుంది. అక్క దాచిన డబ్బు అక్కకు ఆస్తి, బ్యాంకుకు అక్కకివ్వాల్సిన బాకీ. ఇక్కడ ఎడమ పళ్లెంలో ఉన్న వాషరే బ్యాంకు తక్కెడలో కుడి పళ్లెంలో ఉంటుంది. ఇది చెప్పేసరికి ఒక గంట పోయింది, పిండి కూడా పొంగిపోయింది.

ఖర్చు: కప్పులు 90, స్టిక్కర్లు 25. మొత్తం: రూ.985.

దశ 6: ఒక నెల లావాదేవీలు

అక్క నోటు పుస్తకం ముందు పెట్టుకుని వరుసగా వేశాం. వాషర్లు ఆమే వేయాలి, నేను ముట్టుకోకూడదు అని షరతు. చివర ఉన్నది ఒక్కో పళ్లెంలోని మొత్తం.

1. చీటీ పాడిన డబ్బు 40,000 పెట్టింది. గల్లా +80, సొంతం +80. (80)
2. గ్రైండర్ 18,000. గల్లా −36, సామాన్లు +36. ముల్లు కదల్లేదు. (80)
3. వీధి చివరి ఆవిడ దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి 25,000. గల్లా +50, వడ్డీ అప్పు +50. (130)
4. పాత ఫ్రిజ్ 12,000. గల్లా −24, సామాన్లు +24. (130)
5. మండీలో అరువుకు బియ్యం, మినపప్పు 9,000. సరుకు +18, మండీ బాకీ +18. (148)

ఇక్కడిదాకా పది నిమిషాలు. అప్పు తెచ్చిన రోజు గల్లా నిండుగా కనిపిస్తుంది గానీ "అక్క సొంతం" కప్పులో ఒక్క వాషరూ పెరగలేదన్నది అక్కే ముందు గమనించింది. నేను చెప్పలేదు.

ఆరోది అమ్మకం, అక్కడే పప్పులో కాలేశాను. మొదటి వారాల్లో నగదుకు అమ్మిన పిండి 6,000. గల్లాలో 12 వేయించి, రాబడి అక్కదే కాబట్టి సొంతంలో 12 వేయించాను. అటు 160, ఇటు 160. ముల్లు నిటారుగా నిలిచింది. ఏదో సాధించినట్టు నేను మెడ నిక్కించాను.

అక్క లేచి వెనక గదిలోకి వెళ్లింది. బస్తా మూతి పట్టుకుని ఈడ్చుకొచ్చి నా ముందు పడేసింది. సగానికి దిగిపోయి, పైభాగం మడతలు పడి ఉంది. "బియ్యం ఇంత అయిపోయినాయి. నీ కప్పులో మాత్రం పద్దెనిమిదీ అట్లనే ఉండాయే."

నిజమే. పిండి అమ్మినప్పుడు డబ్బు వచ్చింది, సరుకు పోయింది కూడా. ఆ పిండికి పట్టిన బియ్యం, పప్పు విలువ 3,500. సరుకులోంచి 7 తీయాలి, సొంతంలోంచీ 7 తీయాలి. మిగిలే 5 వాషర్లే, అంటే 2,500, ఆ అమ్మకం మీద మిగులు. నేను మొదట వేసినట్టు వదిలేసి ఉంటే ఆరు వేలూ లాభమే అనుకునేది. తక్కెడ మట్టంగా ఉందని నేను నమ్మాను. మట్టంగా ఉన్న తక్కెడకు బస్తా సంగతి ఏం తెలుసు? రోజూ ఇదే పని చేసే నాకు ఇది తట్టలేదంటే, కంప్యూటర్‌లో సరుకు లెక్క దానంతటదే తేలడానికి అలవాటు పడిపోవడమే కారణం.

ఇక్కడి నుంచి నియమం మార్చాను. అమ్మకానికి రెండుసార్లు చెయ్యి పెట్టాలి: డబ్బుకు ఒకసారి, సరుకుకు ఒకసారి.

6. (సరిచేశాక) గల్లా +12, సరుకు −7, సొంతం +5. (153)
7. హాస్టల్‌కు అరువు అమ్మకం 4,000, సరుకు విలువ 2,500. రావాల్సినవి +8, సరుకు −5, సొంతం +3. (156)

"ఇంకా చేతికే రాలేదు, లాభం ఎట్ల?" అని గొడవ. పిండి వెళ్లిపోయింది, వాళ్లు ఇవ్వాల్సిన మాట ఖాయం, కాబట్టి అది ఆస్తే. రేపు ఎగ్గొడితే రావాల్సినవి కప్పులోంచి తీసిన ప్రతి వాషరుకూ సొంతంలోంచి ఒకటి తీయాల్సిందే. ఈ జవాబుకు అక్క ముఖం చిట్లించింది గానీ ఒప్పుకుంది. అప్పటిదాకా హాస్టల్ బాకీ తలుపు వెనక సుద్దముక్క గీతల్లో ఉండేది.

8. పాప స్కూలు ఫీజుకు గల్లాలోంచి 3,000. గల్లా −6, సొంతం −6. (150)

ఇది అంగడి ఖర్చు కాదు, సొంత వాడకం. రెండూ ఒకే కప్పులోంచి పోతాయి, ముల్లు దగ్గర తేడా ఉండదు. కానీ అంగడి లాభమెంత అని అడిగినప్పుడు ఫీజును అందులో కలపకూడదు. అక్క వేరు, అంగడి వేరు. సొంత వాడకానికి ఎర్ర పెన్నుతో పుస్తకంలో వేరే పేజీ పెట్టించాను.

9. కరెంటు, కవర్లు, చిల్లర ఖర్చులు 1,500. గల్లా −3, సొంతం −3. (147)
10. మండీకి కట్టింది 5,000. గల్లా −10, మండీ బాకీ −10. (137)
11. హాస్టల్ నుంచి వచ్చింది 2,500. గల్లా +5, రావాల్సినవి −5. (137)
12. వడ్డీ అప్పు కిస్తీ 5,500. గల్లా −11, వడ్డీ అప్పు −10, సొంతం −1. (126)

పన్నెండోది అక్క మొదట తప్పు వేసింది. గల్లాలోంచి 11 తీసి, అప్పు కప్పులోంచీ 11 తీసింది. ముల్లు కదల్లేదు. ఈసారి నేను నోరు మెదపకుండా ఆ అప్పిచ్చినావిడ రాసిచ్చిన చీటీ పక్కన పెట్టాను. అందులో బాకీ 20,000 అని ఉంది. కప్పులో 39 వాషర్లు, అంటే 19,500. అక్క ఎంచి, మళ్లీ ఎంచి, ఒక వాషర్ తిరిగి అప్పు కప్పులో వేసి సొంతంలోంచి ఒకటి తీసింది. 25,000 మీద నెలకు రెండు రూపాయల వడ్డీ 500. కట్టింది అయిదున్నర వేలయినా అప్పు తగ్గింది అయిదు వేలే.

13. తరుగుదల 500. సామాన్లు −1, సొంతం −1. (125)

గ్రైండర్, ఫ్రిజ్ కలిపి 30,000. అయిదేళ్లు పనిచేస్తాయనుకుంటే 60 నెలలు, నెలకు 500. "ఎవరికీ దుడ్లు ఇవ్వలేదు, ఊరికే తీసేస్తే ఎట్లరా?" అన్న అక్క ప్రశ్నకు, గ్రైండర్ రాయి అరిగిన చోట వేలు పెట్టి చూపించాను. ఆదాయపు పన్ను లెక్కలో ఇలాంటి యంత్రాలకు ఏటా మిగిలిన విలువ మీద 15 శాతం తీస్తారు. కొన్న సంవత్సరంలో వాడింది 180 రోజులకు తక్కువైతే ఆ ఏడాదికి అందులో సగమే. అలా చూస్తే మొదటి ఏడాది 4,500, మా పద్ధతిలో 6,000. అక్కకు నెలకో వాషరే సులువు, అందుకే అలా పెట్టాను.

దశ 7: గల్లా ఎంచితే

అన్నీ అయ్యాక గల్లా కప్పులో 57 వాషర్లు, అంటే 28,500. అసలు గల్లా తీసి, ఫోన్‌లో బ్యాంకు నిల్వ కూడా కలిపి ఎంచాం. 27,500. మళ్లీ ఎంచాం. అంతే.

తక్కెడ మాత్రం మట్టంగానే ఉంది. బద్దను అనుమానించి మళ్లీ స్కేలు పెట్టాను, ఫ్యాన్ ఆపి చూశాను, పళ్లేలు మార్చాను. తక్కెడలో తప్పు లేదు. ఏ పళ్లెంలోనూ వేయని లావాదేవీ గురించి తక్కెడ ఎలా చెబుతుంది? పూర్తిగా మరిచిపోయిన పద్దు రెండు పక్కలా సమానంగా మాయమవుతుంది. ఆఫీసులో అంకణా (ఖాతాల నిల్వలన్నీ రెండు వైపులా వేసి కూడే పట్టిక) కుదిరిందని ఊపిరి పీల్చుకున్నాక ఇలాంటివే మార్చి నెలలో కొంప ముంచుతాయి.

పావుగంట తర్వాత అక్క నాలుక కరుచుకుంది. గంగ జాతరకు చుట్టాలు వచ్చినప్పుడు కూరగాయలకూ ఆటోకూ వెయ్యి రూపాయలు గల్లాలోంచి తీసింది, పుస్తకంలో రాయలేదు. గల్లా −2, సొంతం −2. (123)

చివరి లెక్క:

ఎడమ: గల్లా 55, సామాన్లు 59, సరుకు 6, రావాల్సినవి 3. మొత్తం 123.
కుడి: వడ్డీ అప్పు 40, మండీ బాకీ 8, అక్క సొంతం 75. మొత్తం 123.

సరుకు కప్పును కూడా బస్తాలు తూచి సరిచూశాం, మూడు వేలకు కొంచెం అటూ ఇటూ.

"యాడ పోయినాయి" అన్నదానికి జవాబు ఇప్పుడు బల్ల మీద ఉంది. అరవై అయిదు వేలలో ముప్పై వేలు గ్రైండర్, ఫ్రిజ్ అయ్యాయి. అంగడి నెలకు మిగిల్చింది 1,500. ఇంట్లోకి తీసుకున్నది 4,000. అందుకే సొంతం 80 నుంచి 75కు దిగింది. అక్క ఆ కప్పును అరచేతిలో పెట్టుకుని కాసేపు బరువు చూసింది. "గ్రైండర్ మింగిందని దాన్ని తిట్టుకుంటున్నా. తిన్నది మేమే" అంది.

దశ 8: మీరు చేస్తే

1. వాషర్లు తూచి కలపండి. రూపాయి బిళ్లలు వద్దు.
2. పళ్లేలు వేలాడదీయండి. బద్ద మీద నేరుగా బరువు పెట్టొద్దు.
3. కొక్కేలు ఇరుసుకు 5 మి.మీ. కింద ఉండాలి. పైన ఉంటే పడిపోతుంది, మరీ కింద ఉంటే మొద్దుబారుతుంది.
4. చేతుల పొడవు కొలవండి, పళ్లేలు మార్చి చూడండి.
5. అమ్మకానికి రెండుసార్లు చెయ్యి పెట్టండి.
6. వారానికోసారి అసలు గల్లా ఎంచి, అసలు బస్తా తూచి, అప్పు చీటీలు పక్కన పెట్టి కప్పులతో పోల్చండి. ముల్లు నిటారుగా ఉందని ఈ పని మానొద్దు.

మళ్లీ చేస్తే నా మొదటి మార్పు వాషర్ విలువ. 500 పెద్దది. బద్ద మందం 2.5 సెం.మీ.కు పెంచి, వాషర్ విలువ 200 చేస్తాను.

తక్కెడను అంగడి మూలన పెట్టి వచ్చేశాను. తర్వాతి ఆదివారం వెళ్లేసరికి కుడి పళ్లెంలో కొత్తగా ఒక పచ్చడి సీసా మూత ఉంది, దాని మీద స్టిక్కరు: "తమ్ముడి బాకీ". అందులో రెండు వాషర్లు. మూత బరువుకు కుడి పక్క దిగిందట, అందుకని అలాంటిదే ఇంకో మూత ఎడమ పళ్లెంలో ఖాళీగా పెట్టింది. సామాన్ల కప్పులో రెండు వాషర్లు పెరిగాయి. నేను చెప్పకుండానే.

"తక్కెడకు నువ్వు పెట్టింది 985 కదా" అంది. "వెయ్యి వేసినా. పదిహేను రూపాయలు వడ్డీ అనుకో."

వడ్డీ అయితే సామాన్లలో వేయకూడదు, సొంతంలోంచి తీయాలి అని చెప్పబోయి ఊరుకున్నాను.